డెన్మార్క్ రాజును కొట్టేశాను

తమ్ముడూ,

ల్యాప్‌టాప్‌కు కొత్త బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న పరికరం) ఎలా పెట్టుకోవాలో రాసి దేవరకొండ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటి పేరా మొత్తం కొట్టేశాను. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు మీదుగా బ్లూటూత్‌కు ఆ పేరు వచ్చిందన్నది నిజమే. కానీ నల్లగొండ గడియారం దగ్గర డాంగిల్ కొనుక్కొచ్చి, ల్యాప్‌టాప్‌కు పెట్టి, అది పనిచేస్తోందో లేదో తెలియక కూర్చున్నవాడికి రాజుగారితో ఏమి పని?

అతనికి కావలసింది నీ నాలుగో పేరా. అక్కడేమో 'లోపలి బ్లూటూత్‌ను ఆపేయండి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎక్కడ ఆపాలి? చాలామంది సెట్టింగ్స్‌లోని మీట నొక్కుతారు. అది రేడియోను నిద్రపుచ్చుతుందే తప్ప లోపలి అడాప్టర్‌ను దారిలోంచి తప్పించదు. విండోస్ మామూలుగా ఒకసారికి ఒక్క బ్లూటూత్ అడాప్టర్‌తోనే పనిచేస్తుంది; డాంగిల్ కూడా ఒక అడాప్టరే. అందుకే విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైజ్ మేనేజర్‌లోకి వెళ్లి పాతదాన్ని డిజేబుల్ చేయాలి. పక్కనే ఉండే అన్‌ఇన్‌స్టాల్ జోలికి పోవద్దని కూడా రాయి: తీసేసినా, రీస్టార్ట్ కాగానే విండోస్ దాన్ని వెతికి మళ్లీ పెట్టేస్తుంది. ఇక జాబితాలో ఏది లోపలిదో, ఏది కొత్తదో? డాంగిల్ పెట్టకముందే ఒకసారి ఆ జాబితా చూసుకోమంటే సరిపోతుంది. ఇంత చిన్న మాట నీకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యమే.

హెచ్చరిక ఎప్పుడూ పని కంటే ముందు రావాలి. చదివేవాడు వాడుతున్నది బ్లూటూత్ మౌసే అయితే, డిజేబుల్ నొక్కిన క్షణమే అదీ ఆగిపోతుంది. నువ్వు ఈ సంగతి చివర్లో చెప్పావు! వైఫై పోతుందేమోనని జంకేవాళ్లూ ఉంటారు. రెండూ సాధారణంగా ఒకే కార్డు మీద ఉన్నా, బ్లూటూత్‌ను ఆపితే వైఫై ఆగదని ఒక వాక్యం చేర్చు.

పాట తెగితెగి వినిపిస్తే డాంగిల్ చెడిందని రాశావు. తొందరపడ్డావు. పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే దాని రేడియో రొద బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ముందు పోర్టు మార్చి చూడమను.

ఇయర్‌ఫోన్‌ను కొత్త అడాప్టర్‌తో మళ్లీ పెయిర్ చేయాలన్న మాట ఎక్కడా లేదు. పాత జత లోపలి అడాప్టర్‌తో కుదిరింది కదా. నీ వ్యాసం చూసి ప్రయత్నించిన మా పక్కింటి కుర్రాడు, ఇయర్‌ఫోన్ కలవకపోయేసరికి, డాంగిల్ పెట్టెలో సర్ది తిరిగి ఇచ్చేయడానికి బయలుదేరాడు. గుమ్మం దగ్గర ఆపాను.

తిరగరాసి పంపు.

మీ అన్న