ఆర్డరు కాగితం బ్యాగులో ఎందుకు దాచుకుంది?

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం. పదమూడేళ్లుగా బెంగళూరులోనే ఉన్నాం, ఇప్పుడు విద్యారణ్యపురలో ఉంటున్నాం. నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇక్కడ చేరాకే పీఎఫ్ మొదలైంది, ఎనిమిదేళ్లు దాటింది. మా ఆవిడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. మారిషస్‌లో, రాజధాని పోర్ట్ లూయీలోని మన హైకమిషన్‌లో (రాయబార కార్యాలయం లాంటిదే) మూడేళ్ల పోస్టింగుకి తనని ఎంపిక చేశారు. సెప్టెంబరులో చేరాలట, సమ్మతి ఇవ్వడానికి ఇంక పన్నెండు రోజులే ఉంది. బాబు ఆరో తరగతి. మా అమ్మకి 68, షుగరు ఉంది, మా దగ్గరే ఉంటుంది, నా కంపెనీ ఇన్సూరెన్సులోనే ఉంది. "నీ ఇష్టం, వెళ్దామంటే వెళ్దాం" అని మా ఆవిడతో అన్నాను. కానీ ఉద్యోగం మానేసి అక్కడ ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. "పెళ్లాం వెనకాల సంచి పట్టుకుని పోతావా" అని మా పెదనాన్న అందరి ముందూ అన్నాడు. ఆర్డరు వచ్చిన రాత్రి ఆమె దాన్ని దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద పెట్టింది. పొద్దున చూస్తే అక్కడ లేదు, తన ఆఫీసు బ్యాగులో పెట్టేసుకుంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో ఆ కుంకుమ భరిణె దగ్గరే ఆగిపోయాను. దేవుడి దగ్గర పెట్టిన కాగితాన్ని తెల్లారేసరికి తీసి దాచుకుందంటే, ఆ రాత్రి మీ మధ్య ఏదో జరిగింది. గొడవ జరగలేదని నాకు తెలుసు, నువ్వు గొడవ పడే మనిషిలా లేవు. నువ్వు "నీ ఇష్టం" అన్నావు, జరిగింది అదే. ఆ మాట నీకు ఉదారంగా అనిపించి ఉంటుంది, ఆమెకి మాత్రం మొత్తం బరువు తన నెత్తిన పెట్టినట్టు అనిపించి ఉంటుంది. రేపు అక్కడ నీకు తోచకపోయినా, పిల్లాడికి మార్కులు తగ్గినా, ఇక్కడ అత్తగారికి ఒంట్లో బాగాలేకపోయినా, అన్నీ తన వల్లే అవుతాయి కదా.

ఇది నేను పడ్డదే కాబట్టి చెబుతున్నాను. మా వారిదీ ప్రభుత్వ ఉద్యోగమే, బయటి దేశం పోస్టింగు వచ్చినప్పుడు నేను ఏడేళ్లుగా తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మానేస్తావా అని నన్నెవరూ అడగలేదు, మానను అని నేనూ అనలేదు. ఏదో ఫారంలో 'వృత్తి' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది, పక్కన మా వారు చూస్తున్నారని గబగబా 'గృహిణి' అని రాసేశాను. అక్కడికి వెళ్లాక పొద్దున పదకొండయ్యేసరికి గడియారం వైపు చూసేదాన్ని, అది నా మూడో పీరియడ్ టైము. ఆ బాధేదో నోరు తెరిచి చెప్పకుండా, కూరలో ఉప్పెక్కువైందనీ చెప్పులు అడ్డంగా విడిచారనీ మూడేళ్లు ఆయన మీద విసుక్కున్నాను. ఆయన తప్పు అందులో కొంతే.

అందుకని ఇవాళే మీ ఆవిడ దగ్గర కూర్చుని నీ భయమేమిటో పేరు పెట్టి చెప్పు. "నువ్వు వెళ్లాలని నాకుంది, కానీ నా పని పోతుందని భయంగా ఉంది" అను. ఈ రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు, తప్పేం లేదు. నా మటుకు నన్నడిగితే వెళ్లమనే అంటాను. అయితే రాజీనామా కాగితం మాత్రం అన్నిటికన్నా చివర రాయి.

ముందు మీ కంపెనీలో జీతం లేని దీర్ఘకాలిక సెలవు ఇస్తారేమో అడుగు, ఏడాదికి ఇచ్చినా మేలే. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కణ్ణుంచి ఇదే పని చేసుకోవచ్చు కదా అనుకుంటున్నావేమో, అది నీ అంతట నువ్వు తేల్చుకునేది కాదు. హైకమిషన్ ఉద్యోగి కుటుంబంగా వెళ్లినవాళ్లు ఆ దేశంలో ఉద్యోగం చేయాలంటే రెండు దేశాల మధ్య దానికి ఒప్పందం ఉండాలి, అనుమతి తీసుకోవాలి. కొన్ని దేశాలతో మనకి అలాంటి ఒప్పందాలున్నాయి. మారిషస్ సంగతేమిటో, బెంగళూరు కంపెనీకి అక్కణ్ణుంచి పనిచేస్తే ఏమంటారో మీ ఆవిడ ద్వారా ఆఫీసుకి రాయించి, జవాబు కూడా రాతపూర్వకంగానే తెప్పించుకోండి. ఫోన్లో ఎవరో "ఫర్వాలేదండీ" అంటే సరిపోదు. నువ్వు సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టినా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకున్న 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం ఆ విషయం ఆమె తన శాఖకి తెలియజేయాలి.

మానేయక తప్పకపోతే పీఎఫ్ డబ్బు తీసేయకు. అందులో పెన్షన్ భాగం ఉందో లేదో ముందు నీ పాస్‌బుక్‌లో చూసుకో, 2014 సెప్టెంబరు తర్వాత పదిహేను వేలకి మించిన జీతంతో పీఎఫ్‌లో మొదటిసారి చేరినవాళ్లకి అది ఉండదు. ఉంటే మాత్రం, నీకు ఎనిమిదేళ్లే అయింది, పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్ల తర్వాత నెలనెలా పెన్షన్ వస్తుంది. పెన్షన్ భాగానికి డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసుకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కాగితం) తీసుకుంటే ఈ ఎనిమిదేళ్లూ పోవు, తిరిగొచ్చి ఎక్కడ చేరినా కలుస్తాయి. డబ్బు లెక్క నువ్వే బాగా వేయగలవు, ఒక్కటి గుర్తుపెట్టుకో: ఆమె జీతం మీద పన్ను ఇక్కడ మామూలుగానే పడుతుంది, అక్కడ ఇచ్చే విదేశీ భత్యం మీద మాత్రం ఇక్కడ పన్ను ఉండదు.

మీ అమ్మగారి గురించి వయసు రాశావు, షుగరు రాశావు, ఇన్సూరెన్సు రాశావు. ఆమె ఏమందో రాయలేదు. అడిగావా అసలు? నువ్వు మానేసిన రోజే కంపెనీ పాలసీ ఆగిపోతుంది, అంచేత మానేయకముందే ఆమెకి విడిగా పాలసీ తీసుకోవాలి, లేదా అదే ఇన్సూరెన్సు సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్పించాలి. కొత్త పాలసీలో ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఖర్చు ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు, షుగరున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. మారిషస్ గడియారం మనకన్నా గంటన్నరే వెనక, ఇక్కడ రాత్రి ఎనిమిదికి అమ్మ మాత్ర వేసుకునేసరికి అక్కడ ఆరున్నర. రోజూ ఆ వేళకి మనవడు వీడియో కాల్‌లో కనిపించొచ్చు. అమ్మ మిమ్మల్ని చూడ్డానికి వస్తానంటే మన పాస్‌పోర్టుకి టూరిస్టు వీసా అక్కడ దిగాకే ఇస్తారు.

అది మరీ పరాయి చోటు కూడా కాదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికని ఓడలెక్కి వెళ్లిన మనవాళ్ల సంతతి అక్కడుంది, ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు, బడుల్లో తెలుగు నేర్పుతారు. అయితే వీధిలోకి వెళ్లగానే తెలుగు మాటలు వినిపిస్తాయని ఊహించుకోకు, ఇళ్లలో ఎక్కువగా మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచ్ నుంచి పుట్టిన అక్కడి భాష. తెలుగు పాటల్లో, పూజల్లో మిగిలింది.

బాబు విషయంలో తొందరపడాల్సింది ఒకటుంది. అక్కడ బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. సెప్టెంబరులో దిగితే ఏడాది చివర్లో, ఫ్రెంచ్ ఒక్క ముక్క రాకుండా క్లాసులో కూర్చోవాలి. మీ ఆవిడ ముందు వెళ్లి ఇల్లు చూసుకుని, నువ్వూ బాబూ జనవరికి అందేలా డిసెంబరులో బయల్దేరితే నీకూ ఇక్కడి పనులు చక్కబెట్టుకోవడానికి మూడు నెలలు దొరుకుతాయి. అందుకు ఆఫీసు ఒప్పుకుంటుందేమో, మీ టిక్కెట్లు ఎప్పటిలోగా వాడుకోవాలో ఆమెని కనుక్కోమను. ఈలోపు వాడిని ఫ్రెంచ్ ట్యూషన్‌లో వెయ్యి. తిరిగొచ్చేసరికి తొమ్మిదో తరగతి వయసు, కన్నడం మళ్లీ అందుకోవాలి కాబట్టి ఆ పుస్తకాలు కూడా పెట్టెలో పెట్టుకోండి.

మీ పెదనాన్న మాటకి అంత బాధపడ్డావంటే ఆ మాటే నీ మనసులోనూ ఎక్కడో ఉందేమో చూసుకో. నేను మా వారి వెనకాల వెళ్లినప్పుడు ఆ మాట నన్నెవరూ అనలేదు, అందరూ అదృష్టవంతురాలివన్నారు. మీ పెదనాన్నకి నువ్వు జవాబు చెప్పక్కర్లేదు.

పన్నెండు రోజులన్నావు, ఉత్తరం నాకు చేరేసరికి నాలుగు పోయాయి, అందుకే ఈ జవాబు నీ ఈమెయిలుకి ముందే పంపేశాను. రాత్రి అన్నాలయ్యాక ఆ ఆర్డరు కాగితం బయటికి తీయమను, ఇద్దరూ కలిసి మొదటి పేజీ నుంచి చదవండి.