అకౌంటెంట్ ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడిన అకౌంటెంట్లు పనిలో ఎందుకు నిలవట్లేదని అడిగారు కదా, ఇబ్బంది మీ ప్రశ్నల్లోనే ఉందండి. ‘ట్యాలీ వచ్చా?’, ‘జీఎస్టీ తెలుసా?’ అంటే ఎవరైనా వచ్చనే చెబుతారు. గడగడా మాట్లాడిన ఇద్దరూ మీ షాపులో మూడు నెలలకే తేలిపోయింది అందుకే.

1. జరిగింది అడగండి. ‘లెక్క కలవక ఇబ్బంది పడ్డ రోజు ఒకటి చెప్పండి. తేడా ఎక్కడ దొరికింది?’ ‘మేం సరిచేశాం’ అంటే, ‘అందులో మీరు చేసిందేంటి?’ అని మళ్లీ అడగండి.

2. చిన్న పని ఇవ్వండి. పది కొనుగోలు బిల్లులు, ఆ నెల జీఎస్టీఆర్-2బి (సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) ప్రింటు ఇచ్చి, రెండూ పోల్చమనండి. ఒక బిల్లు కావాలనే 2బిలో లేకుండా చూసుకోండి, దాన్ని ఏం చేస్తారో అడగండి. ఇరవై నిమిషాలు చాలు.

3. దాదాపు అందరూ వదిలేసేది ఇదే: మంచి జవాబేదో ముందే కాగితం మీద రాసుకోవడం. ఉదాహరణకు, ఆ బిల్లు గురించి ‘ఈ నెల క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన జీఎస్టీ తగ్గింపు) తీసుకోను, సప్లయర్‌కు ఫోన్ చేసి జీఎస్టీఆర్-1లో (తన అమ్మకాల రిటర్న్‌లో) చూపించమంటాను, మీకూ చెబుతాను’ అంటే 3 మార్కులు. ‘ఎలాగోలా సర్దేస్తాను’ అంటే సున్నా. ఇది రాసుకోకపోతే మాటకారికే మార్కులు పడతాయి, నెమ్మదిగా మాట్లాడే పనిమంతులు చేజారిపోతారు. నాకు బాధనిపించేది అదే. అందరికీ అవే ప్రశ్నలు వేయండి. ఒకరు బయటికెళ్లగానే, ఇంకొకరిని పిలవకముందే మార్కులు వేసేయండి.

4. మీరు అడిగే ‘పెళ్లయిందా, పిల్లలెందరు?’ దయచేసి తీసేయండి. మీ టెన్షన్ టైం గురించే అయితే, ‘జీఎస్టీఆర్-3బి (నెలవారీ పన్ను రిటర్న్) గడువు 20వ తేదీ, ముందు రెండు రోజులు సాయంత్రం ఆలస్యమవుతుంది, కుదురుతుందా?’ అని మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఒకేలా అడగండి.