లైటు తీసేశారంటే వదిలేశారని కాదు

మీ అక్క పాప వయసు 16 రోజులు. చెన్నైలో ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంది, రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. కామెర్లు తెచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ మొత్తం 9, అందులో డైరెక్ట్ (లివర్ శుద్ధి చేసినది) 4. అయినా కామెర్లకి పెట్టే లైటు తీసేశారేంటి అని మీ కంగారు. లైటు ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్‌నే, అంటే లివర్ ఇంకా శుద్ధి చేయని దాన్నే, కరిగిస్తుంది. పాపకి అది 5, ఈ వయసులో దానికి లైటు అక్కర్లేదు. డైరెక్ట్ ఎక్కువగా ఉన్నప్పుడు లైటు కింద ఉంచితే ఒళ్లు కంచు రంగుకి తిరగొచ్చు కూడా.

సెప్సిస్‌లో, అంటే ఇలా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు, లివర్ కణాలు చాలావరకు బాగానే ఉంటాయి. పసరుని (లివర్‌లో తయారయ్యే పైత్యరసాన్ని) నాళాల్లోకి తోసే పంపులు మొరాయిస్తాయి. అందుకే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఏఎల్‌టీ పెద్దగా పెరగదు. అది వేలల్లో ఉంటే మాత్రం బీపీ పడిపోయి లివర్‌కి రక్తం అందలేదా, హెర్పిస్ ఉందా అని చూడాలి.

బిలిరుబిన్ అంకె కన్నా ముందు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) ఎంతో అడగండి. పసరు పేగులోకి రాకపోతే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంటికి పట్టదు. నరంలోకి విటమిన్ కె ఇచ్చాక కొన్ని గంటల్లో ఐఎన్‌ఆర్ దిగితే, లోపం విటమిన్‌దే. దిగకపోతే లివరే దెబ్బతింటోందేమోనని అనుమానించాలి. షుగర్ పదేపదే పడిపోతున్నా అదే అనుమానం.

డైపర్ మీరే చూడండి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో. మూత్రం పసుపు మరకలా అంటుతోందా? దొడ్డి దోసెపిండిలా తెల్లగా ఉందా? ఉంటే "ఇన్ఫెక్షన్ వల్లేలే" అని ఆగకూడదు. అది బైలియరీ అట్రీజియా (పసరు నాళాలు మూసుకుపోయే జబ్బు) అయితే, పసరుకి దారి చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. ఇలా కామెర్లు తెచ్చే మరో జబ్బు గెలాక్టోసీమియా, అంటే పాలలోని చక్కెరని ఒళ్లు వాడుకోలేని పుట్టు లోపం. దాని పరీక్షకి రక్తం ఎక్కించకముందే శాంపిల్ తీయాలి, ఎక్కించాక ఆ ఎంజైమ్ రిపోర్టు నమ్మలేం.

వారాల తరబడి టీపీఎన్ (నరంలోంచే ఆహారం ఎక్కించడం) మీద ఉన్నా పసరు నిలిచిపోతుంది. కాబట్టి డాక్టర్ ఒప్పుకోగానే కొద్దికొద్దిగా, కిలోకి రోజుకి 10–20 మి.లీ. అయినా సరే, తల్లిపాలు మొదలవ్వాలి. పసరు కదలడానికి అర్సోడియాల్ అనే మందు ఇస్తుంటారు గానీ అసలు మందు యాంటీబయాటిక్కే.

కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతోందో చూసే పరీక్ష) శుభ్రమయ్యాక కూడా డైరెక్ట్ బిలిరుబిన్ కొన్నాళ్లు దిగదు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కున్న భాగం ఆ ప్రోటీన్‌తో పాటే, వారాల మీద పోతుంది. ఈలోగా ఎవరో ఒకరు కామెర్లకని కీళానెల్లి, అదే మన నేలఉసిరి, రసం తెస్తారు. చుక్క కూడా పొయ్యనివ్వకండి. డిశ్చార్జి కాగితం మీద డైరెక్ట్ బిలిరుబిన్ మళ్లీ ఏ తేదీన చూస్తారో రాయించుకోండి.