యూనో అంటే రూలు ముక్క మీదికెక్కిన క్రేజీ ఎయిట్స్

"యూనోను నిజంగానే ఒక బార్బర్ కనిపెట్టాడా? మేం ప్లస్ టూ మీద ప్లస్ టూ వేసి ఆడతాం, అసలు రూలు అదేనా?" అన్నది ప్రశ్న. యూనో రంగుల ముక్కలతో ఆడే పేకాట. ప్లస్ టూ అంటే పక్కవాళ్ల చేత రెండు ముక్కలు తీయించే ముక్క, దాని అసలు పేరు డ్రా టూ. బార్బర్ మాట నిజం. కనిపెట్టాడన్న మాట సగమే నిజం. ప్లస్ టూ మీద ప్లస్ టూ మాత్రం రూలు కానే కాదు. ఈ జవాబులన్నిటికీ మూలం ఒక్కటే కాబట్టి కలిపే చెబుతాను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి పక్కన రీడింగ్ అనే ఊరుంది. అక్కడ బార్బర్ షాపు నడిపిన మెర్ల్ రాబిన్స్ 1971లో యూనో తెచ్చాడు. కానీ ఆయన తెచ్చేనాటికే ఆ ఆట అమెరికా ఇళ్లలో క్రేజీ ఎయిట్స్ పేరుతో నడుస్తోంది. దానికి మామూలు పేక చాలు. ఇద్దరే అయితే తలా ఏడు ముక్కలు, ఎక్కువమంది ఉంటే తలా ఐదు. మిగిలిన కట్టను బోర్లించి, పైముక్కను తిప్పి పక్కన పెడతారు. దాని గుర్తుకో అంకెకో సరిపోయే ముక్క వేయాలి. ఎనిమిది దేని మీదైనా పడుతుంది, వేసినవాళ్లు తర్వాత ఏ గుర్తు రావాలో చెబుతారు. వేయడానికి లేకపోతే కట్టలోంచి తీయాలి. ముందు చేయి ఖాళీ చేసినవాళ్లది గెలుపు. 1930ల నాటికే ఈ రూపం ఉంది.

ఇంతవరకు ఎవరికీ పేచీ రాదు. పేచీ అంతా తర్వాత ఇళ్లలో చేరిన అదనపు పనుల దగ్గర. రెండు వేస్తే పక్కవాళ్లు రెండు ముక్కలు తీయాలి. రాణి వేస్తే పక్కవాళ్ల వంతు పోతుంది. ఆసు వేస్తే ఆట తిరిగే దిశ మారుతుంది. అయితే ఒక ఇంట్లో వంతు పోగొట్టేది రాణి అయితే ఇంకో ఇంట్లో జాకీ. ఒకరింట్లో ఎనిమిది మీద ఎనిమిది వేయొచ్చు, పక్కింట్లో కుదరదు. ముక్క మీద చూస్తే రాణి బొమ్మే ఉంటుంది. ఆమె ఏం చేస్తుందో ముక్క చెప్పదు, ఆడేవాళ్ల జ్ఞాపకం చెప్పాలి. గెలవబోతున్నవాడి జ్ఞాపకం ఒకలా, ఓడబోతున్నవాడి జ్ఞాపకం ఇంకోలా ఉంటుంది. ఆట మధ్యలో రూలు గురించి వచ్చే తగాదా తీరకపోవడానికి కారణం అదే: చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

రాబిన్స్ ఇంట్లో జరిగిందీ ఇదే. ఆయనకూ కొడుకు రేకూ క్రేజీ ఎయిట్స్ రూళ్ల మీద వాదన వచ్చింది. ఇలాంటి వాదన వస్తే ఎవరైనా ఒకరు తగ్గుతారు, లేదా పేక మూసేస్తారు. రాబిన్స్ మాత్రం ఆ ముక్క ఏం చేస్తుందో ముక్క మీదే ఉండాలనుకున్నాడు. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను గుర్తుల బదులు నాలుగు రంగులు వచ్చాయి. రాణీ జాకీల స్థానంలో స్కిప్ (వంతు పోవడం), రివర్స్ (దిశ మారడం), డ్రా టూ (రెండు తీయడం) అన్న పనులే ముక్కలయ్యాయి. ఎనిమిది స్థానంలో ఏ రంగూ లేని నల్ల వైల్డ్ ముక్క వచ్చింది. డ్రా టూ ముక్క చేతిలో పట్టుకున్నవాళ్లకు అదేం చేస్తుందో గుర్తుపెట్టుకునే పని లేదు. అంకెలు గుర్తుపట్టగలిగిన పిల్లవాడు తాతతో సమానంగా కూర్చుని ఆడగలుగుతున్నాడంటే ఈ ఒక్క మార్పు వల్లే. నా దృష్టిలో ఇదొక్కటే ఆయన అసలు పని, అదేమీ చిన్న పని కాదు.

యూనో పాత పేకే అనడానికి ముక్కల లెక్కే సాక్ష్యం. పాత యూనో కట్టలో 108 ముక్కలు. ఒక్కో రంగులో సున్నా ఒకటి, 1 నుంచి 9 వరకు రెండేసి, స్కిప్, రివర్స్, డ్రా టూ రెండేసి. ఇవి కాక వైల్డ్ నాలుగు, పక్కవాళ్ల చేత నాలుగు ముక్కలు తీయించే వైల్డ్ డ్రా ఫోర్ (ప్లస్ ఫోర్ అనేది దీన్నే) నాలుగు. ఈ ఎనిమిదీ నల్లవే. ఇప్పుడు సున్నాలు నాలుగూ పక్కన పెట్టండి, 104 మిగులుతాయి. రెండు మామూలు పేకలు కలిపితే ఎన్ని? 104. రెండు పేకల్లో ఎనిమిదులు ఎన్ని? ఎనిమిది. యూనోలో నల్ల ముక్కలు ఎన్ని? ఎనిమిది. ఇది కాకతాళీయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో లెక్క చూడండి. బల్ల మీద ఎర్ర 5 ఉందనుకుందాం. దాని మీద పడేవి: మిగిలిన ఎర్ర ముక్కలు 24, వేరే రంగుల 5లు ఆరు, నల్లవి ఎనిమిది. మొత్తం 107లో 38, అంటే 35.5 శాతం. క్రేజీ ఎయిట్స్‌లో ఆఠీను 5 ఉంటే దాని మీద మిగిలిన ఆఠీనులు 12, వేరే 5లు మూడు, వేరే ఎనిమిదులు మూడు పడతాయి. 51లో 18, అంటే 35.3 శాతం. ముక్కలు రెట్టింపైనా, పేర్లు మారినా ఆట బిగువు మారలేదు. పాయింట్లూ అంతే. క్రేజీ ఎయిట్స్‌లో చేతిలో మిగిలిపోయిన ఎనిమిదికి 50 పాయింట్లు, యూనోలో మిగిలిపోయిన నల్ల ముక్కకూ 50. ఆడేవాళ్లకు పనికొచ్చే సంగతి కూడా ఇందులో ఒకటుంది. సున్నాలు రంగుకొకటే కాబట్టి సున్నా మీద పడేవి 35 ముక్కలే. పక్కవాళ్ల దగ్గర ఒక్క ముక్కే మిగిలి, మీ చేతిలో ఒకే రంగు 5, 0 రెండూ ఉంటే సున్నా వేయండి.

ప్రత్యేకంగా ముక్కలు అచ్చేయాలన్న ఆలోచనలోనూ రాబిన్స్ మొదటివాడు కాదు. ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ స్టోరీ 1935లోనే వాట్ అనే ఆట తెచ్చాడు. వృత్తాలు, త్రిభుజాలు, చతురస్రాలు, నక్షత్రాలు, శిలువలు దాని గుర్తులు. నైజీరియాలో దాన్ని ఇప్పటికీ ఇష్టంగా ఆడతారు. జర్మనీలో మౌ మౌ ఇదే కుటుంబం. ఇవన్నీ దాయాదులు. ఒకదాని నుంచి ఇంకొకటి కాపీ అని వాదించేవాళ్లు కనిపిస్తుంటారు, ఆ వాదనకు అర్థం లేదు. గుర్తుకో అంకెకో కలిపి వేయడమన్న పద్ధతి వీటన్నిటికీ ఉమ్మడిది.

వ్యాపారం సంగతి క్లుప్తంగా: రాబిన్స్ కుటుంబం తలా కొంత వేసుకుని 8,000 డాలర్లతో 5,000 కట్టలు అచ్చేయించింది. కట్టకు డాలరు 60 సెంట్లు పడింది. మొదట బార్బర్ షాపులోనే అమ్మారు. తర్వాత ఇలినాయి రాష్ట్రం జోలియెట్‌లో అంత్యక్రియల సంస్థ నడిపే రాబర్ట్ టెజాక్, అతని మిత్రులు కలిసి 50,000 డాలర్లకు హక్కులు కొన్నారు. కట్టకు 10 సెంట్ల రాయల్టీ అదనం. వాళ్ల ఇంటర్నేషనల్ గేమ్స్ సంస్థను మాటెల్ 1992లో కొనేసింది. "మాటెల్ కనిపెట్టిన యూనో" అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మాటెల్ చేతికి వచ్చేసరికి ఆట వయసు ఇరవై దాటింది.

ఇక ప్లస్ టూ మీద ప్లస్ టూ. రూలు ఇది: మీ ముందు డ్రా టూ పడితే మీరు రెండు ముక్కలు తీస్తారు, మీ వంతు పోతుంది. మీ చేతిలో ఇంకో డ్రా టూ ఉన్నా అప్పుడు వేయడానికి లేదు. డ్రా ఫోర్ పడితే నాలుగు తీస్తారు, వంతు పోతుంది. 2019లో మాటెల్ తన ట్విట్టర్ ఖాతాలోనే ఈ మాట తేల్చి చెప్పింది: ప్లస్ ఫోర్ మీద ప్లస్ టూ వేసి పక్కవాళ్ల చేత ఆరు తీయించడం కుదరదని. జనం కంపెనీతోనే వాదనకు దిగారు. రూలుబుక్కు పెట్టెలోనే ఉంటుంది, తీసి చదివేవాళ్లే తక్కువ.

ఇలా పేర్చి ఆడితే ఏం చెడుతుందో చూడండి. నలుగురూ వరసగా డ్రా టూలు వేస్తే చివరికి మొదటివాళ్లకే ఎనిమిది ముక్కలు వచ్చి పడొచ్చు. పంచినప్పుడు ఇచ్చిందే ఏడు. అంటే ఆ మనిషికి ఆట మళ్లీ మొదలైనట్టే. మూడు నాలుగు సార్లు ఇలా జరిగితే పది నిమిషాల్లో తేలాల్సిన ఆట గంటకు పోతుంది, చిన్నపిల్లలు లేచి వెళ్లిపోతారు.

అంతకంటే పెద్ద నష్టం డ్రా ఫోర్‌కు జరుగుతుంది. ఆ ముక్కకో షరతుంది: బల్ల మీదున్న రంగు మీ చేతిలో ఒక్కటి కూడా ఉండకూడదు. అంకె కలిసే ముక్క ఉన్నా ఫర్వాలేదు. ఉదాహరణకు బల్ల మీద ఎర్ర 5 ఉంది. మీ దగ్గర పచ్చ 5, నీలం 7, డ్రా ఫోర్ ఉన్నాయి. ఎరుపు లేదు కాబట్టి డ్రా ఫోర్ వేయొచ్చు. పచ్చ 5 బదులు ఎర్ర స్కిప్ ఉంటే వేయకూడదు. మామూలు వైల్డ్‌కు ఈ షరతు లేదు, ఎప్పుడైనా వేయొచ్చు. డ్రా ఫోర్ వేసినవాళ్ల మీద అనుమానం వస్తే, ముక్కలు తీయాల్సిన మనిషి ఛాలెంజ్ చేయొచ్చు. అప్పుడు వేసినవాళ్లు తమ చేయి ఛాలెంజ్ చేసినవాళ్లకు చూపించాలి. ఆ రంగు దొరికితే వేసినవాళ్లే నాలుగు తీయాలి. దొరక్కపోతే ఛాలెంజ్ చేసినవాళ్లు నాలుగుకు రెండు కలిపి ఆరు తీయాలి. దొంగతనంగా వేయడానికి ధైర్యం, పట్టుకోవడానికి ఎదుటివాళ్ల ముఖం చదవడం, రెండూ కావాలి. యూనోలో అన్నిటికంటే రుచిగల చోటు ఇది. ప్లస్ ఫోర్ మీద ప్లస్ ఫోర్ పేర్చే ఇళ్లలో ఛాలెంజ్ అన్న మాటే వినిపించదు. వరసగా మూడు డ్రా ఫోర్లు పడ్డాక ఏ రంగు గురించి ఎవరిని ఛాలెంజ్ చేయాలి?

అలాంటిదే ఇంకో అలవాటు, వేసే ముక్క దొరికేదాకా తీస్తూ పోవడం. క్రేజీ ఎయిట్స్ ఆడే చాలా ఇళ్లలో అలా తీసేవాళ్లు, యూనోలో ఒక్కటే తీయాలి. అది పడితే అప్పుడే వేయొచ్చు, పడకపోతే వంతు పక్కవాళ్లకు. ఏడు ముక్కల్లో ఒక్కటీ ఎర్ర 5 మీద పడలేదనుకోండి. మీకు కనిపించని 100 ముక్కల్లో పడేవి 38 ఉంటాయి. దొరికేదాకా తీస్తే సగటున రెండున్నర ముక్కలకు పైనే వస్తాయి, వేసేది ఒకటే. తీసిన ప్రతిసారీ చేయి పెరుగుతుంది.

ఎక్కువగా తడబడే చోట్లు ఇంకొన్ని. మొదట తిప్పిన ముక్క డ్రా ఫోర్ అయితే కట్టలో కలిపేసి ఇంకోటి తిప్పాలి. డ్రా టూ అయితే పంచినవాళ్ల ఎడమ పక్కవాళ్లు రెండు తీసి వంతు కోల్పోతారు. ఇద్దరే ఆడుతుంటే రివర్స్ కూడా స్కిప్‌లాగే పనిచేస్తుంది. చేతిలో ఒక్క ముక్కే మిగిలినప్పుడు యూనో అని చెప్పడం మరిచినవాళ్లను తర్వాతి మనిషి ఆట మొదలుపెట్టేలోపే పట్టుకోవాలి, అప్పుడే రెండు ముక్కల శిక్ష. చివరి ముక్క డ్రా టూ వేసి గెలిచినా పక్కవాళ్లు ఆ రెండూ తీయాల్సిందే, ఎందుకంటే వాటి పాయింట్లూ గెలిచినవాళ్ల ఖాతాలో చేరతాయి. 500 వచ్చేదాకా ఆడాలి. పాయింట్లు లెక్కపెట్టకుండా ఒక్క రౌండుతో ముగిస్తే, నల్ల ముక్కలు చివరిదాకా దాచుకోవడంలో ఉన్న ప్రమాదం మాయమవుతుంది.

పేర్చి ఆడటమే ఇష్టమైతే 2023లో వచ్చిన నో మెర్సీ కట్ట తీసుకోండి. 168 ముక్కలు, పేర్చడం అందులో రూలే. చేతిలో 25 ముక్కలు చేరిన మనిషి ఆట నుంచి తప్పుకుంటాడు కాబట్టి అది ముగుస్తుంది. మామూలు కట్టలో ఆ దారి లేదు.

యూనో కట్టే లేకపోతే రెండు పేకలు కలపండి, జోకర్లు తీసేయండి. ఆసు నుంచి 7 వరకు, 9, 10 కలిపి తొమ్మిది అంకెలు, గుర్తుకు రెండేసి. జాకీ స్కిప్, రాణి రివర్స్, రాజు డ్రా టూ. ఎర్ర ఎనిమిదులు నాలుగూ వైల్డ్, నల్ల ఎనిమిదులు నాలుగూ డ్రా ఫోర్. రంగు బదులు గుర్తు కలపండి. తలా ఏడు పంచి పైరూళ్లతోనే ఆడండి. పంచేముందు జాకీ, రాణి, రాజు, ఎనిమిది ఏం చేస్తాయో ఒక కాగితం మీద రాసి బల్ల మధ్యలో పెట్టండి.