కొబ్బరి పొట్టు చవకే, ఖరీదంతా నీళ్లదే

ప్రశ్న: పదవీ విరమణ సొమ్ములో సగం పెట్టి సముద్రం ఒడ్డున వెయ్యి చదరపు మీటర్ల గ్రీన్‌హౌస్ వేద్దామనుకుంటున్నాను. కొబ్బరి పొట్టు సంచుల్లో టమాటా, సముద్రపు నీటిలోని ఉప్పు తీసేసే, సోలార్‌తో నడిచే ఆర్వో ప్లాంటు నుంచి నీళ్లు. నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని యూనిట్ వేసేవాళ్లు లెక్క ఇచ్చారు. దిగవచ్చా?

జవాబు: సగం సొమ్ముతో మాత్రం వద్దు. వాళ్ల లెక్కలో నీళ్ల ఖర్చు సున్నా అని ఉంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి. ఉచితంగా వచ్చేది ఎండ ఒక్కటే.

లెక్క ఇలా వేయండి. 2,500 మొక్కలు, ముదురు ఎండల్లో మొక్కకు రోజుకు 3 లీటర్లు. సంచుల్లో ఉప్పు పేరుకోకుండా నాలుగో వంతు నీరు అదనంగా పారించాలి. అంటే రోజుకు సుమారు 10 వేల లీటర్లు. చిన్న ప్లాంట్లలో సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీరు తీయడానికి 7, 8 యూనిట్ల కరెంటు పడుతుంది. కాబట్టి రోజుకు 80 యూనిట్లు, సుమారు 20 కిలోవాట్ల ప్యానెళ్లు. మబ్బు రోజుల కోసం కనీసం 30 వేల లీటర్ల ట్యాంకు. తోడిన నీటిలో మూడో వంతే మంచినీరవుతుంది, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని వదలడానికి అనుమతి, పైపులైను కావాలి. ఈ పద్దు చాలామంది మర్చిపోతారు.

ప్యానెళ్లు 20 ఏళ్లు దాటి పనిచేస్తాయి. ఆర్వోలో ఉప్పును ఆపే పొరలు, అంటే మెంబ్రేన్లు, అయిదేళ్లుంటే అదృష్టమే. సాయంత్రం ప్లాంటు ఆపేటప్పుడు మంచినీటితో కడగకపోతే ఇంకా ముందే పోతాయి. సంచులు రెండు మూడేళ్లు. అన్నిటికీ కలిపి ఒకే తరుగుదల వేయకండి. మెంబ్రేన్లకూ సంచులకూ మొదటి నెల నుంచే విడిగా డబ్బు తీసిపెట్టండి.

పొట్టు చవకని ఏదో ఒకటి కొంటే అసలుకే ఎసరు. శుద్ధి చేయని పొట్టులో సోడియం, పొటాషియం ఎక్కువ. అవి వదిలేసిన చోట పొట్టు కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆర్వో నీటిలో కాల్షియం ఎటూ ఉండదు. ఇక కాల్షియం అందక కాయ అడుగున నల్లగా కుళ్లుతుంది, తొలి గెలలే పోతాయి. సరిగ్గా అప్పు వాయిదాలు మొదలయ్యే నెలల్లో! కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి కడిగిన పొట్టే కొనండి.

దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆగస్టాలో సన్‌డ్రాప్ ఫామ్స్ 2016లో 20 హెక్టార్లలో ఇలాంటి తోటే ప్రారంభించింది. ఖర్చు దాదాపు 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. అద్దాలతో ఎండను పైకి మళ్లించే అక్కడి టవర్ గురించే అందరూ మాట్లాడతారు. నాకు ముఖ్యంగా కనిపించేది కోల్స్ సూపర్‌మార్కెట్లతో చేసుకున్న పదేళ్ల అమ్మకం ఒప్పందం. మీ చేతిలో అలాంటి కాగితం ఉందా? ఒక్క పంట కాలానికైనా సరే.

ఉంటే, విరమణ సొమ్ములో 15 శాతం మించకుండా, 100 చదరపు మీటర్లతో మొదలుపెట్టండి. ఒక పంటకు సరిపడా నడుపు ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి. అప్పు తీసుకుంటే నాటాక కనీసం ఆరు నెలలు వాయిదాలు లేకుండా అడగండి.

సముద్రం జోలికి వెళ్లే ముందు మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. ఉప్పు లీటరుకు 3, 4 గ్రాములే ఉంటే పంపు ఒత్తిడి, కరెంటు చాలా తగ్గుతాయి. అప్పుడు పై లెక్కంతా మళ్లీ వేయాలి.