అంకె వేసే ముందు

తమ్ముడూ,

పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లకు ర్యాంకులిస్తూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ బ్యాండంటే నీకెంత ప్రేమో ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. కానీ ఏది ఎన్నో స్థానమో తెలిసింది గానీ, అవి వింటుంటే నీకేమనిపించిందో అంతగా తెలియలేదు.

‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ని మొదట పెట్టావు. పెట్టు. కానీ కారణంగా 1973 నుంచి 1988 లోపు అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ చార్టులో 741 వారాలు నిలిచిందని రాశావు. అది కొన్నవాళ్ల లెక్క. నీ చెవి సాక్ష్యం ఏది? అందులో క్లేర్ టోరీ ఒక్క మాటా లేకుండా పాడిన పాట ఉంది. గొంతు చించుకుని ఏడ్చినట్టు మొదలైనది చివరికి గొణుగుడంత మెత్తబడుతుంది. ఆ మార్పు ఎక్కడ మొదలవుతుందో విని రాయి.

‘యానిమల్స్’ని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు: “మెలోడీ తక్కువ”. నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే, ఎందుకంటే నువ్వు విన్నది నిజమే, విని ఆగిపోయావు. ఎందుకు తక్కువ? ఆ ఆల్బమ్‌లో ఏ పాట రచనలోనూ కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పేరు లేదు. 1971 నాటి ‘మెడిల్’ రెండోవైపు తిప్పు. తిరుగుతూ స్వరాన్ని వణికించే లెస్లీ స్పీకర్ గుండా వచ్చే రైట్ పియానో స్వరం ఒక్కటే ఇరవైమూడు నిమిషాల పాటకు తలుపు తీస్తుంది. ఆ మెత్తదనం 1977లో ‘యానిమల్స్’కి వచ్చేసరికి వెనక్కి పోయి, పాటలు రాసే రోజర్ వాటర్స్ కోపం ముందుకొచ్చింది. అందులో కుక్కల మీద పాట పదిహేడు నిమిషాలు. మధ్యలో ‘స్టోన్’ అన్న ఒక్క మాట మళ్లీ మళ్లీ మోగుతూ సింథసైజర్‌లో కలిసిపోతుంది. అక్కడ మెలోడీ ఉంటే ఆ బరువు తెలిసేదా? నీ ఫిర్యాదును ఇంత దూరం తీసుకెళ్తే, ఆ ఆల్బమ్‌ని ఆఖర్న పెట్టినా నేను ఒప్పుకుంటాను.

ఇంకో మాట. బ్యాండు తొలి గాయకుడు సిడ్ బారెట్ అభిమానులను మొండివాళ్లని కొట్టిపారేశావు. వాళ్లకు 1967లో వచ్చిన మొదటి ఆల్బమే అసలు ఫ్లాయిడ్, 1968లో అతను వెళ్లిపోయాక మిగిలింది వేరే బ్యాండ్. ‘ది ఫైనల్ కట్’ మీద గొడవా ఇలాంటిదే. రైట్ లేని ఆ 1983 ఆల్బమ్ బ్యాండుదా, వాటర్స్ ఒక్కడిదా? రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర తండ్రిని పోగొట్టుకున్న కొడుకుగా వాటర్స్ గొంతు వినేవాళ్లకు ఆ ప్రశ్నే అడ్డురాదు. ఎదుటివాళ్ల వాదన వాళ్లకంటే బాగా చెప్పి, అప్పుడు కాదను.

నా ఓటు ‘విష్ యు వర్ హియర్’కి. 1975 జూన్‌లో దాని రికార్డింగప్పుడు గుండుతో స్టూడియోకొచ్చిన బారెట్‌ని పాత స్నేహితులే గుర్తుపట్టలేదన్న కథ అందరూ రాస్తారు, నువ్వూ రాశావు. ఆ కథ పక్కన పెట్టినా, ఆల్బమ్ మొదటి పాటలో గిల్మోర్ గిటార్ మీద ఆ నాలుగు స్వరాలు మీటి, వాటిని గాల్లో వదిలేసి, మళ్లీ అవే మీటినప్పుడు ఎవరో లేరని నాకు తెలుస్తుంది.

ప్రస్తుతానికి ‘యానిమల్స్’ భాగం ఒక్కటే తిరగరాసి పంపు. ర్యాంకుల సంగతి తర్వాత కూర్చుని పోట్లాడుకుందాం.

నీ అన్న