ఆల్టో శాక్స్ ట్రాక్‌తో కలవకపోతే

కారులో విన్న జాజ్ ట్రాక్‌కే ఇంట్లో కలిపి వాయిస్తే శ్రుతి కలవట్లేదు, శాక్స్ (శాక్సోఫోన్) పాడైందా అన్నారు. మీది ఆల్టో రకం శాక్స్ కదా, పాడవలేదు. ఆల్టోలో ‘సి’కి వేళ్లు పెడితే వినిపించేది కీబోర్డు మీది ‘ఈ ఫ్లాట్’, అంటే మన రెండున్నర శ్రుతి. కీబోర్డు నోట్స్ ఉన్నదున్నట్టు వాయిస్తే ఎవరికీ కలవదు.

1. ట్రాక్ శ్రుతి ‘బి ఫ్లాట్’ అయితే మీరు ‘జి’లో, ‘ఎఫ్’ అయితే ‘డి’లో వాయించండి.

2. అయినా కాస్త తేడా ఉందా? చాలామంది పెట్టెలోంచి తీయగానే ట్యూన్ చేసేస్తారు. కోరాపుట్ చలిలో శాక్స్ చల్లగా ఉన్నంతసేపూ శ్రుతి దిగే ఉంటుంది. ముందు పది నిమిషాలు పొడుగు స్వరాలు ఊది వేడెక్కనివ్వండి. తర్వాత ‘ఎఫ్ షార్ప్’ ఊదండి, ట్యూనర్ యాప్‌లో ‘ఏ’ చూపించాలి. శ్రుతి తగ్గితే మౌత్‌పీస్‌ను (నోట్లో పెట్టుకునే ముక్కను) అది తొడిగే కార్క్ మీద మెల్లగా తిప్పుతూ లోపలికి నెట్టండి, ఎక్కువైతే బయటికి లాగండి. పెదవులు బిగించి సర్దకండి, ఆ అలవాటు పడితే వదిలించుకోవడం నరకం.

3. సాలూరు ఘాట్‌లో ఇంజిన్ రొదకి ట్రాక్‌లోని బాస్ (మంద్ర స్వరాలు) సరిగా వినబడదు. కారులో ట్యూన్ మటుకు వినండి, శ్రుతి ఇంట్లో ఇయర్‌ఫోన్స్‌తో పట్టుకోండి.